లేత చిక్కుడా, ముదురు చిక్కుడా? స్టార్చ్ తగ్గించిన ఇంట్లో ఏ కాయ వండాలి

కొబ్బరితోట | అంబాజీపేట దగ్గర | జనవరి 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మా ఆయనకి 39 ఏళ్ళు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నుపూసల కీళ్ళలో వాపు వచ్చే జబ్బు, అని తేలి ఆరేళ్ళయింది. పొద్దున్నే లేచేసరికి నడుము కర్రలా బిగిసిపోయి ఉంటుంది. గంటసేపు అటూ ఇటూ తిరిగితేగానీ వదలదు. మందులు వాడుతున్నారు. స్టార్చ్, అంటే గంజి పదార్థం, తగ్గిస్తే కొందరికి ఈ బిగుతు తగ్గుతుందని ఈమధ్య ఎక్కడో చదివారు. డాక్టరు గారిని అడిగితే, మందులు ఆపకుండా, బరువు చూసుకుంటూ మూడు నెలలు చేసి చూడండి అన్నారు.

మూడు పూటలా అన్నం తినే మనిషి అన్నం మానేశారు. ఇడ్లీ, పెసరట్టు, కంద, చిలగడదుంప అన్నీ పక్కన పెట్టాం. చేపలు, గుడ్లు, పెరుగు, కొబ్బరి, ఆకుకూరలతో మూడు వారాలు గడిచాయి. ఇప్పుడు ఆయనకి కూరలంటే మొహం మొత్తింది. పెరట్లో పందిరి నిండా చిక్కుడుకాయలు వేలాడుతున్నాయి. డబ్బు కట్టి తెచ్చుకున్న ఒక డైట్ కాగితంలో "బీన్స్ వద్దు" అని ఒక్క మాట రాసి ఉంది. బీన్స్ అంటే ఏ బీన్స్? చిక్కుడా, గోరుచిక్కుడా, సంతలో దొరికే సన్న బీన్సా, బొబ్బరికాయలా? ఫోన్ చేసి అడిగితే "అన్నీ ఒకటేనండి" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు.

ఇంకో సంగతి. మా అత్తయ్య గారికి షుగర్. ఇద్దరికీ ఒకే పొయ్యి మీద వండాలి. తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

లంకతోట | రావులపాలెం వైపు | జనవరి 18, రాత్రి 10:15

చెల్లెమ్మా, నేను గోదారి లంకలో కూరగాయలు పండిస్తాను. డాక్టర్ని కాను. కాయ సంగతి మటుకు చెప్పగలను.

ఏ చిక్కుడైనా ముందు కాయ సాగుతుంది, గింజ ఆ తరవాత నిండుతుంది. కాయ పూర్తి పొడవు వచ్చినా లోపల గింజ ఇంకా పల్చటి రేకులా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. కూరకి అదే అసలు కాయ. ఆ అదను దాటితే చెట్టు తన బలమంతా గింజలోకి పంపిస్తుంది. అప్పుడు అది కూరగాయ కాదు, పప్పు కింద లెక్క.

కాబట్టి పేరు చూసి కాకుండా గింజ చూసి తీసుకోండి. చిక్కుడుకాయని ఎండకి ఎత్తిపట్టి చూడండి. లోపల గింజ నీడ సన్నగా, చిన్నగా ఉంటే లేతది. గుండ్రంగా, నల్లగా నీడ పడితే ముదిరినట్టే. లేతది టక్కున విరుగుతుంది. వేళ్ళకి గింజలు గట్టిగా తగిలితే అది ఆయనకి వద్దు.

పథ్యం_ప్లేటు | రాజమహేంద్రవరం | జనవరి 19, ఉదయం 6:50

నేను డైటీషియన్ని. లంకతోట గారు చెప్పినదే సైన్సు కూడా చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పచ్చివి 100 గ్రాములకి ఇచ్చిన అంకెలు చూడండి.

సన్న బీన్స్ కాయల్లో మొత్తం కార్బోహైడ్రేట్ 7 గ్రాములు. అందులో పీచు 2.7, చక్కెరలు సుమారు 3.3, స్టార్చ్ 1 గ్రాము కూడా లేదు. లేత చిక్కుడుకాయలో మొత్తం 9, పీచు 3 పైన. బొబ్బర్లని లేత కాయగా తింటే 9.5. అదే బొబ్బర్లని కాయ వలిచి పచ్చి గింజలుగా తింటే 19. పచ్చి కందిగింజలైతే 24. పోలికకి, వండిన తెల్లన్నం 28.

అంటే ఒకే తీగకి కాసిన బొబ్బరికాయ లేతగా ఉన్నప్పుడు ఒక రకం, గింజ నిండాక దానికి రెట్టింపు. మీకు డైట్ కాగితం ఇచ్చినవాళ్ళు ఈ తేడా చూడలేదు. ఎండు గింజల్ని తలుచుకుని "బీన్స్" అని రాసి ఉంటారు. ఎండు పప్పుల్లో బరువులో దాదాపు 60 శాతం కార్బోహైడ్రేటే, అందులో ఎక్కువ భాగం స్టార్చ్.

ఒక జాగ్రత్త. మొత్తం కార్బోహైడ్రేట్‌లోంచి పీచు, చక్కెరలు తీసేస్తే మిగిలినదంతా స్టార్చ్ అని చాలామంది లెక్క వేస్తారు. అది ఉజ్జాయింపు మాత్రమే. చిక్కుడు జాతి గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే వేరే చక్కెరలు కూడా ఉంటాయి. గ్యాస్ తెచ్చేవి అవే. గ్యాస్ వచ్చింది కదా అని ఆ కూరలో స్టార్చ్ ఉందనుకోకండి.

మేష్టారు_పాలకొల్లు | పాలకొల్లు | జనవరి 19, ఉదయం 8:05

అమ్మా, నేను 31 ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. పట్టికలు మంచివే. కానీ మీ పందిరి మీద కాయ ఏ వయసులో ఉందో పట్టికకి తెలియదు. అది మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు.

బడిలో పిల్లలు చేసే ప్రయోగమే ఇది. మందుల షాపులో గాయాలకి వాడే పోవిడోన్ అయోడిన్ ద్రావణం అడగండి. ఆయింట్‌మెంట్ కాదు, ద్రావణమే కావాలి. ఒక చెంచా నీళ్ళలో నాలుగైదు చుక్కలు కలిపితే టీ డికాక్షన్ రంగు వస్తుంది. కాయని నిలువుగా చీల్చి, కోసిన చోట ఒక చుక్క వేయండి. గింజని కూడా రెండు ముక్కలు చేసి దాని మీద వేయండి. రెండు నిమిషాలు ఆగండి. స్టార్చ్ ఉంటే నీలం నలుపు రంగు తేలుతుంది. లేకపోతే గోధుమ రంగు అలాగే ఉండిపోతుంది. గంజిలో ఒక చుక్క, మంచినీళ్ళలో ఒక చుక్క వేసి ముందు ఆ రెండు రంగులూ కళ్ళకి పట్టించుకోండి.

తప్పులు జరిగే చోట్లు చెబుతాను. వేడి కూర మీద వేస్తే రంగు రాదు, చల్లారాకే వేయాలి. నిమ్మరసం తగిలినా రంగు పోతుంది, విటమిన్ సి అయోడిన్ని విరిచేస్తుంది. నూనె పట్టిన ముక్క మీద చుక్క లోపలికి ఇంకదు. చుక్క వేసిన ముక్క ఏదైనా సరే, పారేయండి. తినకూడదు, పశువులకీ వేయకూడదు. సీసా పిల్లలకి అందకుండా పెట్టండి.

వెన్నుపూస | భీమవరం | జనవరి 19, మధ్యాహ్నం 1:30

అక్కా, నాకూ అదే జబ్బు. తొమ్మిదేళ్ళయింది. బావ గారి పరిస్థితి నాకు అర్థమవుతుంది. తెల్లవారుజామున పక్క మీద ఒత్తిగిలాలంటే ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ స్టార్చ్ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. లండన్‌లో అలన్ ఎబ్రింగర్ అనే పరిశోధకుడు దీన్ని ముందుకు తెచ్చారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు ఉంటుంది. పేగుల్లో ఉండే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ప్రోటీనుకీ దానికీ పోలిక ఉందని, శరీరం బ్యాక్టీరియా మీద చేసే దాడి మన కీళ్ళ మీదకి మళ్ళుతోందని ఆయన వాదన. అరగకుండా పెద్ద పేగు దాకా వెళ్ళిన స్టార్చ్ ఆ బ్యాక్టీరియాకి మేత అవుతుంది కాబట్టి, స్టార్చ్ తగ్గించమన్నారు. 1996లో ఆయన బృందం దీని మీద ఒక వ్యాసం కూడా వేసింది. కానీ పెద్ద ఎత్తున రుజువు కాలేదు. చాలామంది రుమటాలజిస్టులు, అంటే కీళ్ళ జబ్బుల డాక్టర్లు, దీన్ని ఒప్పుకోరు. నా డాక్టరు కూడా ఒప్పుకోరు, అయినా చేయొద్దని అనలేదు.

నాకు మేలు చేసిందా అంటే, పొద్దున బిగుతు తగ్గింది. అదే రోజుల్లో వ్యాయామం కూడా మొదలుపెట్టాను. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. ఇంజెక్షన్ మటుకు ఒక్కటి కూడా మానలేదు. బావ గారిని కూడా మానొద్దనండి. నొప్పి తగ్గినా లోపల వాపు ఉండవచ్చు, వెన్నుపూసలు అతుక్కుపోతే మళ్ళీ విడిపోవు.

కాయల విషయంలో నా అనుభవం ఇది. సన్న బీన్స్, లేత గోరుచిక్కుడు, లేత చిక్కుడు పడ్డాయి. కిందటి ఏడాది సంక్రాంతికి అత్తగారింట్లో చిక్కుడు గింజలూ వంకాయా కూర రెండు రోజులు తిన్నాను. మూడో రోజు మంచం దిగలేకపోయాను. అది గింజల వల్లో, బస్సు ప్రయాణం వల్లో తెలీదు. అప్పట్నుంచి గింజలు ముట్టుకోలేదు.

గట్టుమీద_ఇల్లు | రాజోలు | జనవరి 19, రాత్రి 8:20

ఇంత ఆలోచన ఎందుకండీ? గింజల్ని రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి వార్చేస్తే గంజి పోతుంది కదా! మా అమ్మమ్మ షుగర్ వచ్చాక అన్నం కూడా అలాగే వార్చుకునేది. గంజి వార్చిన అన్నంలో ఏముంటుంది?

మేష్టారు_పాలకొల్లు | జనవరి 19, రాత్రి 9:10

బాబూ, వార్చినప్పుడు పోయేది మెతుకు పైపైన కరిగిన కొంచెం గంజి మాత్రమే. మెతుకులో ఉన్నది మెతుకులోనే ఉంటుంది. వార్చిన అన్నం మీద అయోడిన్ చుక్క వేసి చూడండి, కాటుకలా నల్లబడుతుంది.

గింజలో అయితే స్టార్చ్ రేణువులు గట్టి కణాల గోడల మధ్య ఉంటాయి. నానబెడితే అవి బయటికి రావు. పథ్యం గారు చెప్పిన రాఫినోజ్ లాంటి చక్కెరలు నీళ్ళలోకి దిగుతాయి, అందుకే నానబెట్టి నీళ్ళు పారబోస్తే గ్యాస్ తగ్గుతుంది. కడుపు ఉబ్బరానికి అది మంచి ఉపాయం. స్టార్చ్‌కి పనికిరాదు.

పథ్యం_ప్లేటు | జనవరి 20, ఉదయం 7:00

కొబ్బరితోట గారూ, మీ ఇంట్లో ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీవారికీ అత్తయ్య గారికీ తగ్గించమన్నది ఒక్కటే పదార్థం, కానీ కారణాలు వేరు.

అత్తయ్య గారి విషయంలో చూడాల్సింది రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందన్నది. బొబ్బర్లు, చిక్కుడు గింజల్లో ఉన్న స్టార్చ్ నెమ్మదిగా అరుగుతుంది, కొంత అసలు అరగదు. ఆవిడకి అది మేలు. అన్నం సగం తగ్గించి, ఆ చోటులో ఒక కప్పు ఉడికించిన పచ్చి బొబ్బర్లు పెడితే తిన్న తరవాత షుగర్ తక్కువ పెరుగుతుంది.

మీవారు నమ్మి చేస్తున్న పద్ధతిలో సరిగ్గా ఆ అరగని స్టార్చే వద్దన్నది. పెద్ద పేగుకి చేరేది అదే కదా. కాబట్టి ఒకే గింజ ఆవిడకి మంచిది, ఆయన ప్రయోగానికి అడ్డం.

అందుకని ఒకే బుట్ట కాయల్ని రెండుగా విడదీయండి. లేత కాయలు ఇద్దరికీ. ముదురువి వలిచి గింజలు అత్తయ్య గారికి, అదీ కొలతగా. ఆవిడ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడి మందు సరిచేసుకోవాలి. ఇది చాలా ముఖ్యం.

కొబ్బరితోట | జనవరి 20, మధ్యాహ్నం 3:15

పథ్యం గారూ, ఆవిడ గ్లిమెపిరైడే వాడుతున్నారు. మీరు చెప్పకపోతే నేను రేపటి నుంచే అన్నం సగం చేసేసేదాన్ని. ఈ సాయంత్రమే వాళ్ళ డాక్టరుకి ఫోన్ చేస్తాను. మేష్టారూ, అయోడిన్ సీసా తెప్పించాను. ఆదివారం సంతకి వెళ్ళి దొరికిన ప్రతి కాయా తెచ్చి పరీక్ష చేసి ఇక్కడ రాస్తాను.

గోదారి_టు_హైదరాబాద్ | కూకట్‌పల్లి | జనవరి 20, రాత్రి 11:00

మాది తణుకు, ఉద్యోగం ఇక్కడ. మాకు పందిరి చిక్కుడు దొరకదు. ఫ్రీజర్లో పెట్టిన పచ్చి బఠానీ ప్యాకెట్లే దిక్కు. అవి లేతగానే ఉంటాయి కదా, తినచ్చా? మాది కూడా స్టార్చ్ తగ్గించే పథ్యమే.

మేష్టారు_పాలకొల్లు | జనవరి 21, ఉదయం 6:30

బఠానీ సంగతి అడిగారు గనక కొంచెం ఎక్కువ రాస్తాను, నాకు ఇష్టమైన విషయం.

మెండెల్ 1866లో అచ్చువేసిన బఠానీ ప్రయోగాలు బడిలో చదువుకున్నాం కదా. గుండ్రటి గింజ, ముడతల గింజ. ఆ ముడత ఎందుకు పడుతుందో 1990లో తేలింది. స్టార్చ్‌ని కొమ్మలు కొమ్మలుగా కట్టే ఒక ఎంజైమ్ ముడతల రకంలో పనిచేయదు. దాంతో గింజలో చక్కెర చక్కెరగానే ఎక్కువ మిగిలిపోతుంది, స్టార్చ్ తక్కువ తయారవుతుంది. చక్కెర ఎక్కువున్న గింజ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాక ఆ నీరు పోయి ముడతలు పడుతుంది. పచ్చిగా తినే తీపి బఠానీ చాలావరకు ఈ ముడతల జాతిదే. చాట్ బండి మీద ఉడికించే గుండ్రటి ఎండు బఠానీ రెండో జాతి.

అయినా తీపి బఠానీలో స్టార్చ్ లేదని అనుకోవద్దు. అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. పైగా కోసిన తరవాత బయట ఉంచిన ప్రతి గంటా అందులో చక్కెర తగ్గి స్టార్చ్ పెరుగుతుంది. అందుకే నిన్నటి బఠానీ కన్నా ఇవాళ్టి బఠానీ తీపి. కోసిన వెంటనే గడ్డకట్టించినదైతే ఆ మార్పు ఆగిపోతుంది.

పథ్యం_ప్లేటు | జనవరి 21, ఉదయం 7:40

దానికి అంకె కలుపుతాను. పచ్చి బఠానీ 100 గ్రాముల్లో కార్బోహైడ్రేట్ 14.5, పీచు 5.7, చక్కెర కూడా ఇంచుమించు అంతే. సన్న బీన్స్‌కీ పచ్చి కందులకీ మధ్య ఉంది. షుగర్ ఉన్నవాళ్ళు గుప్పెడు వేసుకోవచ్చు. స్టార్చ్ పూర్తిగా మానినవాళ్ళు వద్దనుకోవడం మంచిది.

ఆ ఫ్రీజర్లలోనే సన్న బీన్స్ ముక్కల ప్యాకెట్లు కూడా ఉంటాయి తమ్ముడూ. అవి తీసుకోండి.

లంకతోట | జనవరి 21, రాత్రి 9:30

చెల్లెమ్మ సంతకి వెళ్ళే ముందు ఒక మాట. పందిరి చిక్కుడు పాత నాటు రకాలు పగలు కురచయ్యాకగానీ పూతకి రావు. అందుకే కార్తీకం నుంచి మాఘం దాకా విరగకాస్తాయి. ఇప్పుడు మాఘం దగ్గరికొచ్చింది, తీగ మీద ముదురు కాయలే ఎక్కువ కనిపిస్తాయి. సంతలో బుట్ట పైన లేతవి పరిచి కింద ముదురువి పోస్తారు. కిందికి చెయ్యి పెట్టి తీయండి.

పొలాల్లో వరి కోతకి ముందు చల్లిన పెసర, మినుము ఇంకో నెలకి కాయ పడుతుంది. గట్ల మీద పిల్లలు పచ్చి పెసరకాయలు వలుచుకు తింటారు. తియ్యగా ఉంటాయి గనక లేతవేనని ఆయన నోట్లో వేసుకుంటారేమో. అవి గింజలే, కాయ తొక్క తినం కదా. ఆయన్ని ముందే హెచ్చరించండి.

కొబ్బరితోట | జనవరి 26, సాయంత్రం 5:50

పరీక్ష అయింది. నేనూ మా అమ్మాయీ వాకిట్లో పాత స్టీలు పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నాం. అది ఏడో తరగతి. నాకన్నా దానికే హుషారు, నోటు పుస్తకంలో గళ్ళు గీసి రాసింది.

సన్న బీన్స్: తొక్క మీద సూది మొనంత చుక్కలు ఒకటి రెండు చోట్ల నల్లబడ్డాయి, మిగతాదంతా గోధుమ రంగే. గోరుచిక్కుడు లేతది: మార్పు లేదనే చెప్పాలి. ముదురు గోరుచిక్కుడు గింజ కూడా నల్లబడలేదు, నాకు ఆశ్చర్యం వేసింది. పందిరి చిక్కుడు ఎండకి పెట్టి ఏరినది: తొక్కలో కొంచెం మచ్చలు, లోపలి రేకు గింజలో లేత నీలం. అదే తీగ మీది ముదురు కాయ: తొక్క ఫరవాలేదు, గింజ మాత్రం సిరాబుడ్డిలో ముంచినట్టు అయిపోయింది. ఒకే తీగ, ఒకే గుత్తి! మా అత్తయ్య గారు చూసి "ఓలమ్మో, ఇది ఇంత గంజా" అన్నారు.

బొబ్బరి లేత కాయ బాగానే ఉంది, బొబ్బరి గింజ నలుపు. పచ్చి కంది గింజ కారునలుపు. బఠానీ మేష్టారు చెప్పినట్టే నల్లబడింది.

ఇంక అసలు సంగతి. అమ్మాయి ఊరుకోలేదు, పోపుల పెట్టెలో ఉన్నవన్నీ పరీక్ష చేస్తానంది. ఇంగువ డబ్బా పొడి మీద చుక్క వేస్తే నల్లగా అయింది! నాలుగు వారాలుగా ఆయన ప్రతి కూరలోనూ వేస్తున్నాను. కడుపుబ్బరం రాకూడదని రెండు చిటికెలు ఎక్కువే వేశాను. పసుపు కూడా నల్లబడింది. పొడి కూరల్లో చల్లే కూరకారంలో పప్పులున్నాయని తెలుసు, అది ముందే మానేశాను. ఇప్పుడు చాలా బాధగా ఉంది. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకోవాలా?

పథ్యం_ప్లేటు | జనవరి 26, సాయంత్రం 6:30

బాధపడకండి. పొడి ఇంగువలో మైదానో బియ్యప్పిండో కలిపే అమ్ముతారు. అసలు ఇంగువ బంక, అలా ఒట్టిది వాడితే ఘాటు తట్టుకోలేం. డబ్బా మీద ఏమేం కలిపారో రాసి ఉంటుంది, చదవండి. కావాలంటే పోపులో ఇంగువ బదులు వెల్లుల్లి, వాము వేయండి.

పసుపు దుంప జాతి, స్టార్చ్ సహజంగానే ఉంటుంది. నలుగురి కూరలో పావు చెంచా వేస్తే మనిషికి ఎంత వస్తుంది చెప్పండి? దాన్ని మానక్కర్లేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టక్కర్లేదు.

మేష్టారు_పాలకొల్లు | జనవరి 26, రాత్రి 8:00

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. మంచి ప్రయోగం చేసింది.

ఈ పరీక్ష స్టార్చ్ ఉందో లేదో చెబుతుంది, ఎన్ని గ్రాములుందో చెప్పదు. నలుపు చూసి భయపడి ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే మనిషికి తిండి మిగలదు. సన్న బీన్స్‌లో ఆ సూది మొన చుక్కలు పథ్యం గారు చెప్పిన 1 గ్రాము లోపు లెక్కే. ఏది ఎంత తింటున్నామో కూడా చూడాలి.

గోరుచిక్కుడు గింజ నల్లబడకపోవడానికి కారణం ఉంది. ఆ గింజ తన నిల్వని ముఖ్యంగా స్టార్చ్‌గా కాకుండా గెలాక్టోమన్నన్ అనే జిగురుగా దాచుకుంటుంది. గ్వార్ గమ్ అని ఐస్‌క్రీముల్లో, సాస్‌లలో వాడేది దాన్నే. రాజస్థాన్‌లో దీన్ని జిగురు కోసమే లక్షల ఎకరాల్లో పండిస్తారు.

వెన్నుపూస | జనవరి 26, రాత్రి 9:45

మాస్టారూ, అయితే ముదురు గోరుచిక్కుడు తినేయచ్చంటారా? నాకు ఒకసారి ముదురువి తింటే రెండు రోజులు కడుపు ఉబ్బింది.

పథ్యం_ప్లేటు | జనవరి 27, ఉదయం 7:15

ఆ జిగురు కూడా పెద్ద పేగులో బ్యాక్టీరియా పులియబెట్టే పీచే. స్టార్చ్ కాదు కానీ ఒక్కసారిగా ఎక్కువ తింటే ఉబ్బరం ఖాయం. లేతవి చాలు. కొంచెంతో మొదలుపెట్టి పెంచుకోండి.

వంట గురించి కూడా చెప్పాలి. ఏ చిక్కుడునైనా పచ్చిగా తినకూడదు, సగం ఉడికించి దించకూడదు. గింజల్లో లెక్టిన్లనే పదార్థాలుంటాయి, సరిగా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. నీళ్ళు తెర్లేదాకా కాచి మెత్తగా ఉడికించాలి. తమ్మకాయలు దొరికితే బాగా లేతవే వాడండి, ముదురు గింజలు వద్దు.

గట్టుమీద_ఇల్లు | జనవరి 27, రాత్రి 8:40

వార్చిన అన్నం మీద చుక్క వేసి చూశానండి. మేష్టారు చెప్పినట్టే అయింది. ఇన్నాళ్ళూ మా అమ్మకి వార్చిన అన్నం ఎంతైనా తినచ్చని చెబుతూ వచ్చాను. ఈ రోజు నుంచి కొలిచి పెడుతున్నాం. కొబ్బరితోట గారూ, మీ ఆయనకి ఎలా వండుతున్నారో రాయండి. పోపులో మినప్పప్పు, సెనగపప్పు వేయకపోతే రుచి ఎలా వస్తుంది?

కొబ్బరితోట | ఫిబ్రవరి 5, సాయంత్రం 4:20

పదిరోజులుగా చేస్తున్నవి చెబుతానండి. లేత చిక్కుడుకాయలు ఈనెలు తీసి, తుంచి, ఉప్పేసి మెత్తగా ఉడికిస్తాను. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి ముక్కలు కలిపి, దించాక ఆవపిండి ముద్ద పెడతాను. ఆవ ఘాటు వల్ల పప్పులు లేని లోటు తెలియదు. గోరుచిక్కుడుకి పచ్చికొబ్బరి కోరు బాగా పట్టిస్తాను, ఇంట్లో కొబ్బరికి కొదవ లేదు. సన్న బీన్స్ గుడ్డుతో వేపితే ఆయన ఇష్టంగా తింటున్నారు. వేపుడు కరకరలాడాలని ఇదివరకు బియ్యప్పిండి చల్లేదాన్ని, అది మానేశాను.

నిన్న రథసప్తమి. చిక్కుడుకాయలు ఈనెపుల్లలతో గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టాం. ఆయన ప్రసాదం కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నారు. అది నేను లెక్క పెట్టను.

అత్తయ్య గారి డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు. ఇప్పుడు ఆవిడకి ముదురు కాయల గింజలతో వంకాయ కూర, అన్నం ఒక గరిటె తగ్గించి పెడుతున్నాను. తిన్న రెండు గంటలకి రోజూ చూసి పుస్తకంలో రాస్తున్నాం.

ఆయన బరువు ఒక కిలో తగ్గింది. మొన్న చెకప్‌లో డాక్టరు గారు ఇంకా తగ్గకుండా చూసుకోమన్నారు, చేపలు, కొబ్బరి, నెయ్యి పెంచమన్నారు. పొద్దున బిగుతు గంట నుంచి నలభై నిమిషాలకి వచ్చిందని ఆయన అంటున్నారు. మూడు నెలలు పూర్తయ్యాకే ఏదైనా చెప్పుకుంటాను.

ఒకే బెంగ. మాఘం దాటితే పందిరి ఎండిపోతుంది. ఎండాకాలం ఏ కాయ తేవాలి?

లంకతోట | ఫిబ్రవరి 5, రాత్రి 9:05

ఎండాకాలానికి గోరుచిక్కుడు ఉంది చెల్లెమ్మా, వేడికి బాగా తట్టుకుంటుంది. ఇప్పుడు విత్తితే ఏప్రిల్‌కల్లా కాయ కోయచ్చు. పెరట్లో రెండు సాళ్ళు చాలు మీ ఇంటికి. రోజు విడిచి రోజు కోస్తూ ఉండాలి, వదిలేస్తే పీచు పట్టి ముదిరిపోతాయి. బొబ్బరి తీగ కూడా నాలుగు పాదులు పెట్టండి, కాయ పెన్సిలంత లావు దాటకముందే తెంపాలి. పొట్టి చిక్కుడు రకాలు పందిరి లేకుండా ఏ కాలంలోనైనా కాస్తాయి, ఆ విత్తనాలు మా దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు మీ పందిరి మీద మిగిలిన ముదురు కాయల్లో బాగా నిండినవి నాలుగు గుత్తులు కోయకుండా తీగ మీదే ఎండనివ్వండి. గింజలు వలిచి, బూడిద కలిపి సీసాలో దాచండి. ఆషాఢంలో పెట్టుకోవచ్చు.

కొబ్బరితోట | ఫిబ్రవరి 6, ఉదయం 6:10

అలాగే అన్నయ్యా. అమ్మాయి ఇప్పుడే వెళ్ళి నాలుగు గుత్తులకి ఎర్ర దారం కట్టి వచ్చింది, పొరపాటున ఎవరూ కోయకుండా.